కొలువు ఖేడ్‌లో... కాపురం ఎక్కడ?

పొద్దున ఎనిమిది దాటాక నారాయణఖేడ్ బస్టాండులో రెండు గుంపులు ఎదురుపడతాయి. జోగిపేట దిక్కు నుంచి వచ్చిన బస్సులోంచి టిఫిన్ డబ్బాలు, చేతిసంచులతో టీచర్లు, నర్సులు, ఆఫీసు ఉద్యోగులు దిగుతారు. అదే బస్సు ఎక్కి సంగారెడ్డి పోవడానికి కాలేజీ పిల్లలు, ఆసుపత్రి పనిమీద బయల్దేరిన పెద్దలు, పటాన్‌చెరు కంపెనీల్లో పని వెతుక్కునే పిలగాళ్లు నిలబడి ఉంటారు. దిగినవాళ్లకు ఇక్కడ పని ఉంది, ఇల్లు లేదు. ఎక్కేవాళ్లకు ఇక్కడ ఇల్లు ఉంది, పని లేదు.

ఎండాకాలం సెలవులు మొదలైతే ఈ రెండు రకాల ఇళ్లలోనూ ఒకటే చర్చ. సంగారెడ్డిలో కిరాయికి ఉందామా? పోతే అందరం పోవాలా, కొందరమే పోవాలా? ఎన్నేళ్లు ఉండాలి? మామూలుగా ఈ చర్చ కిరాయి ఎంత అన్నచోట మొదలై అక్కడే ఆగిపోతుంది. అసలు లెక్క ఆ తర్వాతే ఉంది.

నారాయణఖేడ్‌ను ఇక్కడివాళ్లు ఖేడ్ అంటారు. సంగారెడ్డి జిల్లాకు వాయవ్య మూలన, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రాంతమిది. 1956 నవంబరు 1 వరకు ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో మెదక్ జిల్లాకు వచ్చింది. దాంతో యాభై కిలోమీటర్ల దూరంలోని బీదర్‌కు బదులు, అంతకంటే దూరమైన సంగారెడ్డి జిల్లా కేంద్రమైంది. 2016 అక్టోబరులో మెదక్‌ను మూడు జిల్లాలుగా విడదీసినప్పుడు ఖేడ్‌కు రెవెన్యూ డివిజన్ హోదా దక్కింది, తర్వాత మున్సిపాలిటీ అయింది. ఆర్డీవో ఆఫీసు, ఏరియా ఆసుపత్రి, డిగ్రీ కాలేజీ, ఆర్టీసీ డిపో అన్నీ ఉన్నాయి. ఊరు చిన్నదే అయినా కొలువులు తక్కువేం కాదు.

సంగారెడ్డి సంగతి వేరు. 2011 జనాభా లెక్కల్లో 72,344 మంది ఉన్న పట్టణం. ఆ తర్వాత హైదరాబాద్ పెరుగుతూ పెరుగుతూ దాని గుమ్మం దాకా వచ్చింది. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలైన ఐఐటీ హైదరాబాద్, పక్కనే ఉన్న కందిలో 576 ఎకరాల సొంత ప్రాంగణానికి మారింది. 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలకు పోయే షిఫ్టు బస్సులకు ఇక్కడ తెల్లవారుజాము నుంచే జనం. రైలు మాత్రం లేదు. 2017 నుంచి నడుస్తున్న మెట్రో మియాపూర్ దగ్గరే ఆగుతోంది. హైదరాబాద్‌లో ఉండలేనివాళ్లు, ఊళ్లో ఉండాలనుకోనివాళ్లు కలిసే చోటు సంగారెడ్డి.

పనిచేసే చోటు, పడుకునే చోటు

ముందుగా ఉద్యోగుల లెక్క చూద్దాం. 2021లో అమలైన వేతన సవరణలో తెలంగాణ ప్రభుత్వం ఇంటి కిరాయి భత్యాన్ని నాలుగు తరగతులు చేసింది: 24, 17, 13, 11 శాతం. హైదరాబాద్ మహానగరంలో పనిచేస్తే 24 శాతం. వరంగల్, కరీంనగర్ వంటి నగరాల్లో 17. యాభై వేల నుంచి రెండు లక్షల జనాభా ఉన్న పట్టణాల్లో 13, సంగారెడ్డి ఇందులోకే వస్తుంది. మిగతా ఊళ్లన్నిటికీ 11. ఖేడ్ ఈ చివరి తరగతిలో ఉంది.

ఒక టీచర్ మూలవేతనం నెలకు రూ.50,000 అనుకుందాం. హైదరాబాద్‌లో ఆమెకు వచ్చే భత్యం రూ.12,000. సంగారెడ్డిలో రూ.6,500. ఖేడ్‌లో రూ.5,500. భత్యం పనిచేసే చోటును బట్టి వస్తుంది, పడుకునే చోటును బట్టి కాదు. ఖేడ్ బడిలో పనిచేస్తూ సంగారెడ్డిలో కిరాయికి ఉంటే వచ్చేది ఖేడ్ భత్యం, కట్టేది సంగారెడ్డి కిరాయి. ఆ తేడా ప్రతి నెలా సొంత జేబులోంచే పోతుంది.

అయినా పోతారు. ఎందుకు పోతారో అడిగితే మూడు జవాబులు వస్తాయి: పిల్లల చదువు, భర్తకో భార్యకో అటువైపు ఉద్యోగం, సొంతిల్లు అటే ఉండటం. మూడూ నిజమైన కారణాలే. 2021 డిసెంబరులో వచ్చిన జీవో 317 ప్రకారం సీనియారిటీని బట్టి ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు ఎన్నో కుటుంబాల్లో భార్య ఒక దిక్కు, భర్త ఒక దిక్కు పడ్డారు. అలాంటి ఇంటివాళ్లను పట్టుకుని ‘పనిచేసే ఊళ్లోనే ఎందుకుండవు’ అని నిలదీయడం సబబు కాదు.

రోడ్డు బాగుపడ్డాక

పదేళ్ల కింద ఇంత చర్చ ఉండేది కాదు. రోజూ వచ్చిపోవడమే కష్టం కాబట్టి ఇష్టమున్నా లేకున్నా ఖేడ్‌లో ఒక గది పట్టుకునేవాళ్లు. తర్వాత సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా పోయే 161వ జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. కంది నుంచి రాంసాన్‌పల్లి వరకు 40 కిలోమీటర్ల భాగాన్ని 2024 మార్చి 5న సంగారెడ్డి సభలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ఖేడ్ ఈ రహదారి మీద లేదు; నిజాంపేట దగ్గర విడిపోయి ఖేడ్ మీదుగా బీదర్ పోయే 161బి మీద ఉంది. ఆ మలుపు దాకా మాత్రం ప్రయాణం సాఫీగా సాగుతుంది.

రోడ్డు తర్వాత బస్సు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ ఖర్చు లేకుండా పోయింది. అప్పటిదాకా రానుపోను ఛార్జీలు కూడితే ఖేడ్‌లో చిన్న పోర్షన్ కిరాయికి దగ్గరగా వచ్చేది. ‘ఆ డబ్బేదో కిరాయికే పెడితే పోలే’ అన్న మాటకు బలం ఉండేది. ఇప్పుడు ఒక మహిళా ఉద్యోగికి సంగారెడ్డి నుంచి వచ్చిపోవడానికి పైసా ఖర్చు లేదు. ఇంటి బడ్జెట్‌కు ఇది పెద్ద ఊరట, అందులో వాదన లేదు.

టికెట్ డబ్బు మిగిలింది కానీ గంటలు మిగల్లేదు. సంగారెడ్డికీ ఖేడ్‌కూ మధ్య దూరం అటూఇటూగా ఎనభై కిలోమీటర్లు. ఆగుతూ పోయే బస్సుకు రెండు గంటలు వేసుకుంటే రోజుకు నాలుగు గంటలు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంటుంది. 220ని నాలుగుతో గుణిస్తే 880 గంటలు. రాత్రీపగలూ కలిపి లెక్కిస్తే ఏడాదిలో 36 రోజులకు పైగా బస్సులోనే గడిచిపోతాయి. 2025 నుంచి బడుల్లో టీచర్లకు ముఖ గుర్తింపు హాజరు వచ్చింది కాబట్టి ఆ గంటలకు ఆందోళన కూడా తోడైంది. జోగిపేట దగ్గర పది నిమిషాలు బస్సు ఆగితే లోపల కూర్చున్నవాళ్ల గుండె దడ వాళ్లకే తెలుసు.

స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టట్జర్ జర్మనీ కుటుంబాల సర్వే వివరాల మీద ఒక అధ్యయనం చేశారు. దూరం పోయి పనిచేసేవాళ్లకు ఆ కష్టానికి సరిపడా లాభం మంచి ఇల్లు రూపంలోనో, తక్కువ కిరాయి రూపంలోనో, ఎక్కువ జీతం రూపంలోనో ముడుతుందని అర్థశాస్త్రం చెబుతుంది. వాళ్లు చూస్తే అలా లేదు. ప్రయాణ సమయం పెరిగినకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గుతోంది. ఇల్లు వెతికేటప్పుడు గదులు, వరండా, కిరాయి కంటికి కనిపిస్తాయి. బస్సులో పోయే గంటలు కనిపించవు. జర్మనీవాళ్లయినా జోగిపేటవాళ్లయినా ఈ విషయంలో ఒకేలా పొరపడతారు.

మన దగ్గర ఆ గంటల భారం ఆడవాళ్ల మీద మరీ ఎక్కువ. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరిన టీచరమ్మకు అప్పుడు వంట మొదలవుతుంది. మర్నాడు ఐదింటికి మళ్లీ పొయ్యి వెలగాలి. ఇంట్లో చర్చ జరిగేటప్పుడు ‘బస్సు ఫ్రీయే కదా’ అనే మాట ఎక్కువగా ఆ బస్సు ఎక్కనివాళ్ల నోటినుంచే వస్తుంది.

ఇక ఊరి వైపు నుంచి చూడాలి. ఖేడ్ చుట్టూ ఉన్న కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద, సిర్గాపూర్, కల్హేర్ మండలాల తండాల నుంచి ఏటా దసరా, దీపావళి తర్వాత కుటుంబాలకు కుటుంబాలే చెరకు కొట్టడానికి పోతాయి. ఎడ్లబండి, వంటసామానుతో సహా, ముసలివాళ్లు మినహా అందరూ. చెరకు తోటల పక్కనే గుడిసెలు వేసుకుని ఎండాకాలం ముంగిట తిరిగొస్తారు. బడి నడుమ వాళ్ల పిల్లలు మాయమవుతారు. వాళ్లను ఊళ్లోనే ఉంచి చదివించడానికి సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు పెట్టారు. ఏ ఇంటివాళ్లు ఎప్పుడు బయల్దేరుతున్నారో, ఏ పిల్లను నానమ్మ దగ్గర వదిలేస్తున్నారో నాలుగున్నర బస్సుకు పరుగెత్తే టీచరుకు తెలిసే వీలు లేదు. సాయంత్రం ఆరింటికి కిరాణా దుకాణం ముందు ఎదురుపడే టీచరుకు తెలుస్తుంది. ఏరియా ఆసుపత్రిలో రాత్రి పదింటికి పురిటి కేసు వస్తే ఊళ్లోనే ఉన్న నర్సుకూ ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్న నర్సుకూ తేడా ఏమిటో చెప్పనక్కర్లేదు.

అందుకే ఈ కథనం ఒక పక్షం తీసుకుంటోంది. ఖేడ్‌లో కొలువున్నవాళ్లు, మొదటి రెండు మూడేళ్లయినా, ఖేడ్‌లోనే కిరాయికి ఉండటం మేలు. భత్యం లెక్కకు అదే సరిపోతుంది, గంటల లెక్కకూ అదే సరిపోతుంది. ప్రభుత్వం కూడా ‘స్థానికంగా ఉండండి’ అని చెప్పి ఊరుకుంటే చాలదు. 11 శాతం భత్యం చేతిలో పెట్టి, మంచి క్వార్టర్లు కట్టకుండా, ఒంటరి మహిళలకు హాస్టల్ చూపకుండా ఆ మాట అనే హక్కు దానికి లేదు.

దంపతుల్లో ఒకరికి ఖేడ్‌లో, ఇంకొకరికి పటాన్‌చెరులో ఉద్యోగమైతే? వెంటనే అందరూ సంగారెడ్డి అంటారు. అలా అయితే ఒకరికి అరగంట ప్రయాణం, మరొకరికి రెండు గంటలు. ఆ రెండు గంటలు ఎవరి వాటాకు వస్తున్నాయో ఎవరూ బయటికి అనరు. దారి మధ్యలో జోగిపేట ఉంది. నాలుగు వరుసల రోడ్డు దాని పక్కనుంచే పోతుంది. సంగారెడ్డి అంత హంగు లేదు, అయినా ఇద్దరికీ సమానంగా ఉంటుంది. ఇల్లు వెతికేవాళ్లు ఒక్కసారైనా అక్కడ దిగి చూడాలి.

పిల్లల కోసం రెండో పొయ్యి

ఖేడ్ రైతు ఇళ్లలో కథ మరో తీరు. పదో తరగతి అయిపోతుంది. అమ్మాయికి ఎంపీసీ కావాలి, లేదా నీట్ కోచింగ్ కావాలి. హాస్టల్‌లో వేయడానికి తల్లి ఒప్పుకోదు. అప్పుడు తల్లి, పిల్లలు సంగారెడ్డిలో ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్‌లోకి మారతారు. తండ్రి పత్తి, కంది, సోయా చూసుకుంటూ ఊళ్లోనే ఉంటాడు. శనివారం సాయంత్రం జొన్నపిండి, పప్పు, కూరగాయలు మూటగట్టుకుని బస్సెక్కుతాడు.

ఈ లెక్కలో కిరాయి చిన్న అంకె. పెద్ద ఖర్చు రెండో కాపురం పెట్టడం: రెండో గ్యాస్ సిలిండర్, కొనాల్సిన పాలు, చేను మీద తగ్గిన ఒక మనిషి. కలుపు తీసే రోజుల్లో తల్లి ఊళ్లో లేకపోతే ఆమె స్థానంలో కూలి మనిషికి డబ్బు ఇవ్వాలి. పొలం పనిలో ఆడవాళ్ల కష్టానికి ఇంట్లో ఎవరూ విలువ కట్టరు కాబట్టి ఆ ఖర్చు ఏ కాగితం మీదా రాదు. ఇంటర్ రెండేళ్లకైతే ఈ భారం మోయవచ్చు, ఫలితం ఉంటుంది. మూడో తరగతి పిల్లాడి కోసం ఇప్పుడే మారితే పదేళ్ల పైచిలుకు రెండు కాపురాలు నడపాలి. గురుకులంలో సీటు దొరికిందంటే అసలు ఆ అవసరమే ఉండదు. ముందు ఆ దరఖాస్తు పెట్టి, తర్వాత ఇల్లు వెతకాలి.

పాత జిల్లా కేంద్రం బీదర్ కూడా చాలామంది మనసులో మెదులుతుంది. దగ్గర, పెద్దది, 2011లోనే రెండు లక్షలు దాటిన నగరం. నీట్ చదువులకు పేరున్న విద్యాసంస్థలు, రైలు ఉన్నాయి. కానీ సరిహద్దు దాటితే చాలా మారిపోతాయి. మహాలక్ష్మి ఉచిత ప్రయాణం రాష్ట్రం హద్దు దాకానే. తెలంగాణ రేషన్ షాపు అక్కడ ఉండదు. పిల్లలు నాలుగైదేళ్లు కర్ణాటకలో చదివితే తర్వాత తెలంగాణ కాలేజీల్లో స్థానికత నిరూపించుకోవడం తలనొప్పి అవుతుంది. రెండేళ్ల కోచింగ్‌కు బీదర్ మంచిదే, కాపురానికి మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

సంతకానికి ముందు

కిరాయిదారుకు చట్టం అండ ఎంత? కాగితం మీద బాగానే కనిపిస్తుంది. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ప్రకారం ఇంటి యజమాని ఒక నెల కిరాయికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. కానీ 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు రూ.3,500, మిగతా చోట్ల రూ.2,000 దాటిన ఇళ్లు ఆ చట్టం పరిధి నుంచి తప్పుకున్నాయి. ఇవాళ ఒక కుటుంబం ఉండదగిన పోర్షన్ ఏదీ ఆ అంకెలోపు దొరకదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల డిపాజిట్ చాలంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు సొంతంగా చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. కాబట్టి ఒప్పందపత్రంలో రాసుకున్నదే కిరాయిదారుకు రక్ష. అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత కోస్తారు, ఏడాదికి ఎంత పెంచుతారు, ఎన్ని నెలల ముందు చెప్పాలి, అన్నీ అందులో ఉండాలి. ఏడాది దాటిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు.

కరెంటు మీటరు సంగతి అడగడం మర్చిపోవద్దు. రేషన్ కార్డున్న కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమిచ్చే గృహజ్యోతి కిరాయిదార్లకూ వర్తిస్తుంది. కానీ పోర్షన్‌కు విడి మీటరు ఉండాలి. యజమాని ఒకే మీటరు మీద నాలుగు పోర్షన్లకు సబ్ మీటర్లు పెడితే ఆ లాభం అందదు. రేషన్‌కు అలాంటి చిక్కు లేదు, ఖేడ్ కార్డుతోనే సంగారెడ్డి దుకాణంలో సన్నబియ్యం తెచ్చుకోవచ్చు.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పుకోవాలి. మంజీర ఈ ప్రాంతం అంచుల వెంటే పారుతుంది. దానిమీద కట్టిన సింగూరు జలాశయం సామర్థ్యం 29.91 టీఎంసీలు. 1990ల మొదటి నుంచి ఆ నీళ్లు పైపుల్లో హైదరాబాద్‌కు పోయాయి. ఖేడ్ పొలాలు వానకోసం చూస్తూనే ఉన్నాయి. సింగూరు నీటిని ఎత్తి ఇక్కడి భూములకు ఇచ్చే బసవేశ్వర ఎత్తిపోతలకు 2022 ఫిబ్రవరి 21న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఖేడ్‌లోనే శంకుస్థాపన చేశారు. 8 టీఎంసీలు, 1.65 లక్షల ఎకరాలు. అది పూర్తయితే ఊరు విడిచి పోవాలా అని ఆలోచించే ఇళ్లు కచ్చితంగా తగ్గుతాయి. అప్పటిదాకా ఖేడ్‌లోనైనా సంగారెడ్డిలోనైనా ఇల్లు చూసేవాళ్లు నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుంది, బోరులో మే నెలలో నీళ్లున్నాయా, సంపు ఎంత లోతు అని యజమానిని కాదు, పక్కింటి ఆమెను అడగాలి.

మరొక ప్రశ్న అవతలి వైపు నుంచి వస్తుంది. టులెట్ బోర్డు చూసి తలుపు తట్టగానే ‘మీరెవరు, ఏ కులం’ అని అడుగుతారు. తండా నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు, దళితులకు, ముస్లింలకు ఆ ప్రశ్న తర్వాత ‘ఇల్లు నిన్ననే ఇచ్చేసినం’ అన్న జవాబు కొత్తకాదు. సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ పరిసరాల్లో ఇళ్లు కావాలంటూ ఫోన్లు చేయించి, పేరునుబట్టి జవాబు ఎలా మారుతుందో 2015లో ప్రచురించారు. పైకులాల పేర్లకు తలుపులు తెరుచుకున్నాయి. దళితులకు తక్కువగా, ముస్లింలకు ఇంకా తక్కువగా తెరుచుకున్నాయి. ఎంత కిరాయి కట్టగలిగినా ఇల్లు దొరకకపోవడం కన్నా అవమానం లేదు. ఖేడ్ తండాల్లో ఎంతోమంది సంగారెడ్డి ఆలోచన మానుకోవడానికి డబ్బుతో పాటు ఇదీ కారణమే. పట్టణం పెరుగుతోందని గర్వపడే ప్రతి యజమానీ దీనికి జవాబుదారీ.

సొంతిల్లా, కిరాయా అన్న తర్కంలో కొత్తగా ఒక అంశం చేరింది. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ పథకంలో సొంత జాగా ఉన్న పేదలకు ఇల్లు కట్టుకోవడానికి రూ.5 లక్షలు ఇస్తారు. జాగా ఖేడ్‌లో ఉన్నవాళ్లకు ఇల్లు ఖేడ్‌లోనే వస్తుంది. సంగారెడ్డిలో కిరాయికి మారినా ఊళ్లోని జాగా అమ్ముకోవద్దు. పనులు కూడా ఎప్పటికీ పటాన్‌చెరు దిక్కే ఉంటాయన్న రాత లేదు. జహీరాబాద్ దగ్గర 3,245 ఎకరాల్లో పారిశ్రామిక స్మార్ట్ సిటీకి 2024 ఆగస్టు 28న కేంద్రం ఆమోదం తెలిపింది. అక్కడ పని మొదలైతే ఖేడ్ కుర్రాళ్లకు కొలువు ఇంకో దిక్కున దొరకొచ్చు. ఇవాళ సంగారెడ్డిలో పదేళ్ల ప్రణాళిక వేసేకన్నా రెండేళ్లకు కిరాయి ఒప్పందం రాసుకోవడం నయం.

ఇల్లు చూడటానికి మంచి అదను ఏప్రిల్ చివరి వారం. బడులకు ఆఖరి పనిదినం ఏప్రిల్ 23, మళ్లీ తెరిచేది జూన్ 12. పరీక్షలు ముగిసి పాత కిరాయిదార్లు ఖాళీ చేసే పోర్షన్లు అప్పుడే బయటపడతాయి. నీళ్ల ఎద్దడి కూడా అప్పుడే తెలుస్తుంది. జూన్ మొదటి వారం దాకా ఆగితే మిగిలినవాటిలోనే ఏరుకోవాలి, యజమాని చెప్పిందే కిరాయి.